లారీలు లేని దారి

క్రిందటి సంవత్సరము ఆగస్టు మాసమున ఒక సోమవారము ఉదయము మా పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు సైకిలుపై బడికి వచ్చుచుండెను. కంది దాపున జాతీయ రహదారిమీద వెనుకనుండి వచ్చిన లారీ యొకటి వాని హ్యాండిలును రాచుకొని పోయెను. వాడు కంకరలో పడెను. కుడికాలి యెముక రెండుచోట్ల విరిగెను. లారీ ఆగలేదు. ఆ దినము మొదటి గంటకు హాజరు పిలిచినప్పుడు వాని పేరునకు ఎదురుగా రానట్లు గుర్తు వేసి, "సోమవారము వచ్చినదన్న వీనికి బద్ధకము" అని తరగతిలో పరిహాసమాడినది మేమే. వార్త రెండవ గంటకు వచ్చినది. ఆ గుర్తు ఇప్పటికిని హాజరు పట్టీలో నున్నది.

తరువాతి వారమున నోటీసు పలకపై ఒక కాగితము వెలసెను. రహదారిమీదుగా వచ్చు విద్యార్థులు ఇకమీదట సైకిళ్ళు తేగూడదని దాని సారాంశము. దానిని వ్రాసిన చేయియును మాదే. తప్పు చేసితిమని చెప్పజాలము. పూనానుండి మచిలీపట్టణము వరకు పోవు ఆ 65వ నంబరు రహదారి పటాన్‌చెరు కర్మాగారముల నడుమగా సంగారెడ్డికి వచ్చును. రసాయనపు ట్యాంకర్లు, ఇనుప కడ్డీల లారీలు, కార్మికుల బస్సులు రేయింబగళ్ళు దానిపై పరుగెత్తుచుండును. అయినను ఆ నోటీసు వలన జరిగినదేమన, నలువది సైకిళ్ళు నిలుచు మా స్టాండులో పదునొకండు మిగిలెను. కొందరు పిల్లలు షేరు ఆటోలలో డ్రైవరునకు ఇరుప్రక్కల వ్రేలాడుచు వచ్చుచున్నారు. అది సైకిలు కంటె క్షేమమని మేమెట్లు చెప్పగలము? ఇద్దరు బాలికలు దసరా సెలవుల తరువాత రానేలేదు. ఇండ్లకు పోయి అడిగితిమి. "ఆటోకు నెలకు ఇంత యని యెక్కడినుండి తెత్తుము?" అని వారి తల్లులు మమ్మే అడిగిరి.

ఇట్టి స్థితిలో మా డ్రాయింగు మాస్టరుగారు ఒకనాటి సాయంకాలము బోర్డుపై ఒక నదిని గీసిరి. అది డాన్యూబు నది. జర్మనీలోని పస్సౌ పట్టణమునుండి ఆస్ట్రియా రాజధానియగు వియన్నా వరకు ఆ నదియొడ్డున సైకిళ్ళకు ప్రత్యేకముగా నొక బాట యున్నదట. పూర్వము పొగయోడలు లేని కాలమున ఎదురు ప్రవాహములో పడవలను గుఱ్ఱములచేత త్రాళ్ళతో లాగించెడివారు. ఆ గుఱ్ఱములు నడచిన బాటయే చాలచోట్ల నేటి సైకిలు బాట యైనదట. నడుమ వాఖౌ అను లోయలో కొండ చరియలపై మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. జర్మనీలోనే మొసెల్ అను మఱియొక నదివైపు దిగు పాత రైలుమార్గ మొకటి ఉపయోగము మాసిపోగా, పట్టాలు తీసివేసి దానిని సైకిళ్ళకు ఇచ్చిరట. అక్కడను ద్రాక్షయే. పదునైదేండ్ల పిల్లలు తోడు లేకయే ఆ బాటలమీద దినములకొలది తిరుగుదురని చెప్పిరి.

వినుచున్న బాలురలో నొకడు చేయి యెత్తి, "సార్, మనకును నది యున్నది, మనకును ద్రాక్షతోట లుండెనని మా తాత చెప్పును. మనకు బాట యెందుకు లేదు?" అనెను. ప్రశ్న వేసినవాడు ఎవరో కాదు, కాలు విరిగి కట్టు విప్పించుకొని నవంబరులో బడికి మరలి వచ్చిన ఆ బాలుడే. సమాధానము చెప్పుటకు మాకెవ్వరికిని నోరు రాలేదు. ఉన్నదో లేదో వెదకి చూతమని మాత్రము నిశ్చయించుకొంటిమి.

మేమనగా డ్రాయింగు మాస్టరుగారు, వ్యాయామ శిక్షకులు, తెలుగు పండితులు, పదవ తరగతి బాలురు నలుగురు. ఇందు కలము పట్టినవారెవరో చదువరులు ఊహించుకొందురు గాక. మా సైకిళ్ళలో చెప్పుకొనదగినది డ్రాయింగు మాస్టరుగారి అట్లాసు. ఆ కంపెనీ ఉత్తరదేశమున సాహిబాబాదులోని తన కర్మాగారమును 2020 జూన్ 3వ తేదీన మూసివేసినది. అది ప్రపంచ సైకిలు దినోత్సవము కూడ నగుట విధివిలాసము. నాటినుండి ఆయన తన సైకిలును ఎవ్వరికిని ఎరువీయరు.

మా మొదటి యాత్ర జనవరి మాసమున కొల్లూరునకు. హైదరాబాదు నగరమును చుట్టియున్న 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ప్రక్కన సైకిళ్ళకై నిర్మించిన బాట మా జిల్లాలోని ఆ కొల్లూరువరకు వచ్చినది. నార్సింగినుండి కొల్లూరునకు ఒక శాఖ, నానక్‌రామ్‌గూడ దిక్కున మఱియొక శాఖ, రెండును కలిసి 23 కిలోమీటర్లు. 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. బాట పొడవునను సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలనే పైకప్పుగా వేసిరి. 16 మెగావాట్ల శక్తి దానివలన లభించునని ప్రకటించిరి. దక్షిణ కొరియాలో ఇట్టిది యున్నదట, దానిని చూచి వచ్చి దీనిని తలపెట్టిరట.

అక్కడికి పోవుట యెట్లు? సంగారెడ్డినుండి పటాన్‌చెరు మీదుగా పోవలెనన్న ఆ రహదారియే గతి. ఆ రహదారికి వెఱచియే గదా మేమీ ప్రయత్నము చేయుచున్నది! కావున ఏడు సైకిళ్ళను ఒక ట్రాలీ ఆటోలో త్రాళ్ళతో కట్టి, వానిపై గోనెపట్టాలు కప్పి, మేము వెనుక బస్సులో పోయితిమి. సైకిలు త్రొక్కుటకై సైకిలును మోయించుకొని పోవువారిని చూచి బస్సులోని వారు నవ్విరి. మేమును నవ్వితిమి. కిరాయి యెంతయో ఇక్కడ వ్రాయము. మా వ్యాయామ శిక్షకులు నేటికిని దానిని తలచి నిట్టూర్చుచున్నారు.

బాట బాగున్నది. బాగులేదని యెవరనగలరు? మూడు సైకిళ్ళు ప్రక్కప్రక్కన పోవునంత వెడల్పు, గచ్చువంటి నేల, తలపై నీడ. అదివారము గావున నగరమునుండి దొరలవలె బిగుతు దుస్తులు, టోపీలు ధరించినవారు వేలకొలది రూపాయల సైకిళ్ళపై రివ్వున పోవుచుండిరి. వారు మా బాలురను చూచి చేతులూపిరి. మా బాలురు గంటలు మ్రోగించుట మఱచిపోయిరి. మ్రోగింపవలసిన పనియే లేకుండెను. నలుగురును వరుసగా చేయిపట్టుకొనకయే త్రొక్కి మాకు భయము పుట్టించిరి. ఇరువైపుల మాత్రము మోటారుల హోరు. గోడకు ఈవల మనము, ఆవల వారు. గండిపేట చెరువు సమీపముననే యున్నదని తెలిసినను ఆ బాటనుండి నీరు కనబడదు, చెట్టు కనబడదు. కట్టుచున్న మేడలును, వానిపై తిరుగు క్రేనులును కనబడును.

మరలి కొల్లూరు చేరి టీ త్రాగుచుండగా బాలుర సంభాషణ మా చెవిని బడినది. "ఈ బాటపై ఎవరి బడి యున్నదిరా?" అని ఒకడు. "బడి లేదు, ఆఫీసులున్నవి" అని యొకడు. "ఆఫీసువారు కారులలో పోవుచున్నారు గదా" అని మూడవవాడు. అదే కొల్లూరులో 2023 జూన్‌లో పేదలకై 15,660 ఇండ్లు ఒక్కచోట కట్టి ప్రారంభించిరి. ఆ యిండ్ల పిల్లలు ఈ బాటపై వత్తురా యని మా బాలుడు అక్కడి కావలివానిని అడుగగా వాడు నవ్వి, "వస్తరు, ఆడుకొనెతందుకు" అనెను. ఆడుకొనుట చెడ్డది కాదు. మేమును ఆడుకొనుటకే పోయితిమి. కాని మా కాలు విరిగిన బాలుడు ఆడుకొనుచు పడలేదు.

రెండవ యాత్ర మంజీరకు. ఈ నది మహారాష్ట్రములో బీడు జిల్లా బాలాఘాటు కొండలలో పుట్టి, తూర్పుగా, ఆగ్నేయముగా చాల దూరము ప్రవహించి, బీదరు ప్రాంతమును దాటి మన జిల్లాలోనికి వచ్చును. సంగారెడ్డి దాపున దానికేమి తోచునో, హైదరాబాదునకు పోవుదాననని వచ్చినట్లు వచ్చి, ఉత్తరమునకు మరలి, నిజాంసాగరు మీదుగా పోయి కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. నది పోకున్నను దాని నీరు 1965 మొదలు గొట్టములలో హైదరాబాదునకు పోవుచున్నది. మా ఊరికి దాపుననే కల్పగూరు వద్ద ఆనకట్ట. పైన సింగూరు జలాశయము. ఆ నడుమ నదిలోని లంకలు, తుంగ పొదలు కలిపి 1978లో వన్యప్రాణులకు అభయస్థానముగా ప్రకటించిరి.

ఈ యాత్రకు ఆ బాలుని కూడ తీసికొని పోవలెనని మా సంకల్పము. వాని తండ్రి ఆసుపత్రినుండి వచ్చిన మఱునాడే వంకరపోయిన సైకిలును పాత ఇనుము కొనువానికి ఇచ్చివేసెను. తల్లి కంపెనీలో ప్యాకింగు పనికి పోవును. ఆమెను ఒప్పించుటకు మేము ఇద్దరము రెండుమార్లు పోయితిమి. రెండవమారు ఆమె చాలసేపు మాటలాడక చివరకు, "మీ మాట మీద పంపుతున్న సారూ. రోడ్డు ఎక్కిండని తెలిస్తే మాత్రం మల్ల సైకిలు అనే మాట నా ఇంట్ల వినబడొద్దు" అనెను. బాలుని బస్సులో సంగారెడ్డికి రప్పించి, స్టాండులోని సైకిళ్ళలో తేలికదానిని ఒక విద్యార్థినుండి అడిగి తీసికొని యిచ్చితిమి.

తెల్లవారకముందే బయలుదేరితిమి. ఊరు దాటిన తరువాత పాల క్యానుల మోటారు సైకిళ్ళు నాలుగైదు తప్ప ఎదురు వచ్చినవారు లేరు. బాలుడు మొదట సైకిలు ఎక్కలేదు. నడిపించుకొని వచ్చెను. ఎక్కుమని మేమెవ్వరమును చెప్పలేదు. ముందుగనే అట్లు మాటలాడుకొంటిమి. ఒక కిలోమీటరు అట్లే నడచెను. తరువాత ఎడమకాలు పెడలుపై నుంచి, కుడికాలితో నేలను తన్నుచు కొంత దూరము పోయెను. వెనుకనుండి పాల బండి యొకటి హారను కొట్టగా ఉలికిపడి దిగి చెట్టును ఆనుకొనెను. వాని ముఖము తెల్లబడెను. డ్రాయింగు మాస్టరుగారు తన అట్లాసును, అవును, ఆ అట్లాసునే, వానికి అందించి, "దీనికి ప్రక్క అద్దమున్నది, వెనుక వచ్చువారు కనబడుదురు" అనిరి. వాడు దానిపై ఎక్కెను. పుంత మలుపు తిరుగునప్పటికి మా కందరికంటె ముందుండెను.

కల్పగూరు చేరునప్పటికి సూర్యోదయమగుచుండెను. నీటిపై ఆవిరి లేచుచుండెను. తుంగలో నీలపు నీటికోళ్ళు, రంగురెక్కల పెద్దకొంగలు, దూరమున ఒక లంకపై బాతులవంటి బూడిదవన్నె పక్షుల గుంపు. వాని తలపై నల్లని రెండు చారలుండుటను బట్టి హిమాలయములకు ఆవలనుండి చలికాలమునకు వచ్చునవియే యని డ్రాయింగు మాస్టరుగారు నిర్ణయించి తన పుస్తకములో బొమ్మ గీసికొనిరి. ఇంతలో ఒడ్డున పడియున్న దుంగ యొకటి కదలి నీటిలోనికి జారెను. "మొసలి!" అని నలుగురు ఒక్కమారు అరచిరి. ఇరువది యేండ్లనుండి గజేంద్రమోక్షము పాఠము చెప్పుచు మొసలిని తరగతికొక తీరున వర్ణించుచున్న మా పండితులు సజీవమైన మొసలిని చూచుట అదే ప్రథమము. ఆయన రెండడుగులు వెనుకకు వేసి, "పుస్తకములో ఇంకను పెద్దదిగా నుండెనే" అనిరి.

అక్కడినుండి నదియొడ్డు పల్లెల మట్టి బాటలమీద పదునాలుగు కిలోమీటర్లు తిరిగితిమి. చెఱకు చేలు, మొక్కజొన్న, పసుపు ఎండవేసిన కళ్ళములు. ఒకచోట ముసలమ్మ యొకతె మమ్ము ఆపి, "ఏ ఊరు బిడ్డా?" అని యడిగి బాలురకు చెఱకు ముక్కలిచ్చెను. 2016లో ఈ నీరంతయు ఎండి, సింగూరులోను మంజీరలోను నేల నెఱ్ఱెలు వాయగా, మొసళ్ళు మడుగులలో బురద పట్టుకొని యుండెనని ఆమె చెప్పెను. ఈ జన్మలో మరల చూడననుకొన్న నీటిని చూచుచున్నాననియు చెప్పెను. డాన్యూబునకు మెట్లమెట్ల తోటలున్నవి, మంజీరకు చెఱకు ముక్క యిచ్చు ముసలమ్మ యున్నది. ఆ దినమున మేము మన నదియందే పక్షపాతము వహించితిమి.

సాయంకాలము తల్లి బస్సు స్టాండునకు వచ్చియుండెను. కొడుకు కాలిని తడవి చూచి, ధూళి తుడిచి, మాకు నమస్కరించి, మెల్లగా అడిగెను: "సారూ, బడికి గీ తొవ్వే వస్తదా?"

రాదు. వారి పల్లె పట్టణమునకు తూర్పుగా నక్కవాగు దిక్కున నున్నది. నది పడమట నున్నది. మేము మంచి బాటను కనుగొంటిమి గాని అది వాని యింటికి పోవు బాట కాదు. ఈ సంగతి మాకు ముందే తెలియును. తెలిసియు ఆ దినమంతయు తలపునకు రానీయలేదు.

అప్పుడు ఆ బాలుడు, "మా తాతను అడుగుండి. ఆయనకు వేరే తొవ్వ తెలుసు" అనెను.

తాతకు ఎనుబదికి దగ్గర వయస్సు. యౌవనమున పటాన్‌చెరు ప్రాంతమున ఒక ద్రాక్షతోటలో పని చేసెనట. నేటి పిల్లలు నమ్మకున్నను, హైదరాబాదు చుట్టుప్రక్కల గ్రామములలో ఒకప్పుడు ద్రాక్ష విస్తారముగా పండెడిది. అనాబ్-ఎ-షాహి అను రకము, రాజద్రాక్ష యని దాని యర్థము, హైదరాబాదు పేరు దేశమంతట మ్రోగించెను. పొడుగు గింజ, పలుచని పసిమి, చేతిలో బరువుగా నుండు గెల. తరువాత గింజలేని థాంప్సను రకము వచ్చెను. బావులలో నీరు క్రిందికి పోయెను, భూముల వెల మీదికి పోయెను. ఆ రెంటి నడుమ తోటలు నిలువలేదు. నేడు మనదేశపు ద్రాక్షలో ఎక్కువ భాగము మహారాష్ట్రమునుండియే వచ్చుచున్నది.

ఫిబ్రవరిలో ఒక శనివారము ఆ పల్లెకు పోయితిమి. తాత మంచముపై కూర్చుండి మా ప్రయోజనమును విని, "తొవ్వ ఉన్నది. లేకపోతే నేనెట్ల తిరిగిన?" అనెను. పండ్ల కాలములో ఆయన రెండు గంపలు సైకిలు వెనుక కట్టుకొని, తెల్లవారకముందే సంగారెడ్డి అంగడికి పోయెడివాడట.

"పెద్ద సడక్ మీద పోతే గతుకులకు పండు పగులుతది సారూ. ఒక్క పండు పగిలితే గంపంత చీమలే. అందుకని బండ్ల బాట పట్టుకొని పోయేది. ఏడ రాయున్నదో, ఏడ ఇసుకున్నదో కండ్లు మూసుకొని చెప్త."

తాతను మా వ్యాయామ శిక్షకులు తమ మోపెడుపై కూర్చుండబెట్టుకొనిరి. మేము సైకిళ్ళపై వెంబడించితిమి. ఊరి చివర చింతచెట్ల నడుమ బాట మొదలైనది. రెండు బండి చక్రముల జాడలు, నడుమ గడ్డి. డ్రాయింగు మాస్టరుగారు గ్రామ పటమును ముందే చూచి నకలు వ్రాసికొని యుండిరి. అందులో ఈ బాట చుక్కల గీతలతో స్పష్టముగా నున్నది. మా ప్రాంతమున దీనిని నక్షాబాట యందురు.

ఒక కిలోమీటరు పోయిన తరువాత తాత ఆపుమనెను. ప్రక్క బీటిలో రాతి కంబములు వరుసలు వరుసలుగా నిలిచియుండెను. ఆరడుగుల యెత్తు. కొన్ని ఒరిగినవి, కొన్ని విరిగినవి. నడుమ సర్కారు తుమ్మ పెరిగినది. అది ద్రాక్ష పందిరి. తాత దిగి ఒక కంబము తలపై తీగ కట్టిన గాడిని వ్రేలితో చూపెను. కత్తిరింపులు ఏటికి రెండనియు, వేసవి మొదట నొకటి, అక్టోబరులో నొకటి యనియు, అక్టోబరుది సరిగా కుదిరినచో ఫిబ్రవరి మార్చి మాసములకు గెలలు పందిరి క్రిందికి దిగుననియు చెప్పెను. మైలుతుత్తము, సున్నము కలిపిన నీలి మందు కొట్టి కొట్టి తన చేతులు ఆ నాలుగు మాసములు నీలముగా నుండెడివట. "బోడో మందు" అని ఆయన దాని పేరు చెప్పగా డ్రాయింగు మాస్టరుగారు ఉలికిపడి చూచిరి. ఫ్రాన్సులో ద్రాక్షకు ప్రసిద్ధికెక్కిన బోర్దో నగరము పేర వెలసిన మందది. ఆ నగరపు పేరు మా జిల్లా పాలేరు నోటిలో అరువదేండ్లుగా నున్నదని మాకు తెలియదు. కంబములలో సగము అక్కడ లేవు. తరువాత చూచితిమి గదా, ప్లాట్ల హద్దులకు పాతి, వానికి తెలుపు ఎరుపు రంగులు వేసి యున్నవి.

ఆవల నక్కవాగు. కల్వర్టు సన్నముగా నున్నను చెదరలేదు. తాత అక్కడ దిగలేదు. తల యటువైపు త్రిప్పికొనెను. వెనుకటి కాలమున ఇసుకలో చెలమ త్రవ్వి త్రాగిన నీరట. పరిశ్రమలు వచ్చిన పిమ్మట ఈ వాగు నీరు చేలకు కూడ పనికిరాకపోవుటయు, 1990లో ఈ విషయము సుప్రీముకోర్టు వరకు పోవుటయు అందరెరిగినదే. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు వద్ద సుమారు తొంబది ఔషధ పరిశ్రమల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లిగ్రాముల వరకు నున్నదని ప్రకటించిరి. ఆ మందు పుచ్చుకొను రోగి రక్తములోనైన అంత యుండదట. తరువాత ఆ శుద్ధిచేసిన నీటిని అంబర్‌పేటకు గొట్టము వేసి పంపిరి. మేము చూచిన దినమున వాగులో నీరు కొంచెమే యుండెను. నురుగు లేదు, చేప కూడ లేదు. బాలురు ముక్కులు మూసికొనిరి. బాట మాత్రము దానిని దాటుచున్నది. నదీలోయల విహారము కోరి బయలుదేరిన మాకు ఇదియు నొక లోయయే, దీనిని వదలి కేవలము మంజీరను వర్ణించుట న్యాయము కాదు.

వాగు దాటిన తరువాత మూడు కిలోమీటర్లు నిజముగా సుఖప్రయాణము. ఒక్క లారీ లేదు. గొఱ్ఱెల మంద యొకటి ఎదురై, అది పోవువరకు నిలిచితిమి. కాలు విరిగిన బాలుడు తాత మోపెడునకు ముందుగా పోవుచు, తాత చెప్పకముందే, "ఇగో, ఇక్కడ రాయి" అని మాకు చెప్పుచుండెను. ఎన్నడో తాత చెప్పగా విన్నదట. రహదారి దక్షిణమున ఎక్కడనో హోరుమనుచుండెను. మా పండితులు, ఇట్లే పోయిన మొదటి గంటకు పది నిమిషములు ముందుగా చేరవచ్చునని లెక్క కట్టుచుండిరి.

అప్పుడు గోడ వచ్చినది.

తొమ్మిదడుగుల గోడ. నడుమ ఇనుప గేటు. పైన రంగుల పలకపై తాటిచెట్లు, ఈతకొలను, నవ్వుచున్న కుటుంబము. బాట సరిగా ఆ గేటు క్రిందుగా లోనికి పోయినది. నక్షాబాట యని పటములో నున్నను నేలమీద ఇప్పుడు అది ఎవరివో ముప్పది యడుగుల సిమెంటు వీథి. ఆవలి గేటు మా బడి వెనుకనున్న బస్తీకి తెరచుకొనును. ఆ రెండు గేటుల నడుమ దూరము, తరువాత అడుగులతో కొలిచితిమి, నాలుగువందల ఎనుబది యడుగులు. చుట్టి పోవలెనన్న రహదారిమీద రెండున్నర కిలోమీటర్లు. అందులో కంది దాపున ఆ బాలుడు పడిన చోటు కూడ నున్నది.

కావలివాడు బీహారు దేశస్థుడు. కొంచెము హిందీ, కొంచెము తెలుగు. మా కథ విని, బాలుని కాలుమీది మచ్చను చూచి, గేటు తెరచెను. "ఆజ్ జావో. రోజంటే మాలిక్‌ను అడగాలె" అనెను. మేము సైకిళ్ళు దిగి నడిపించుకొని ఆ వీథిగుండ పోయితిమి. ఇరువైపుల ఖాళీ ప్లాట్లు, ప్రతి మూలను రంగు వేసిన రాతి కంబము. తాత ఒకదానివద్ద మోపెడు ఆపించి దాని తలను తడవి చూచెను. తీగ గాడి యున్నది.

యజమానికి ఉత్తరము వ్రాయవలెనని నిశ్చయమైనది. మా పండితులు శ్రీ శ్రీ శ్రీ యని మొదలుపెట్టి రెండు పుటలు వ్రాసిరి. అది పనికిరాదని పిల్లలే అనిరి. చివరకు ఆ బాలుడే ఒక కాగితముపై తన చేతితో వ్రాసెను. తన పేరు, తరగతి, తన కాలు ఏ దినమున విరిగినది, గేటునుండి గేటునకు ఎన్ని యడుగులు, ఉదయము ఎనిమిదింబావునకు ఒకమారు, సాయంకాలము నాలుగున్నరకు ఒకమారు తెరచిన చాలుననియు, సైకిళ్ళు నడిపించుకొనియే పోవుదుమనియు వ్రాసెను. డ్రాయింగు మాస్టరుగారు నక్షాబాట పటమును దానికి జతపరచిరి. ఒక ప్రతి తహసీలు కచ్చేరికి కూడ ఇచ్చితిమి. బాట దస్తావేజులలో నున్నది గావున అడుగుట మా హక్కు. అయినను ముందుగా మనవిగా అడిగితిమి.

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి ఎక్కడినుండియు జవాబు రాలేదు. కావలివాడు మాత్రము, మాలిక్ వద్దను వరకు తనకు తెలియదనుకొని, ఉదయము ఎనిమిదింబావునకు గేటు ఒక మూరెడు తెరచి, కుర్చీని అటు త్రిప్పి కూర్చుండుచున్నాడు. నిన్నటివరకు ఏడు సైకిళ్ళు ఆ మూరెడు సందున వచ్చినవి. అందులో రెండు, దసరా నాటినుండి రాని బాలికలవి.